పది సెకన్ల ఖాళీ

రోజూ పొద్దున్నే నేను చేసే పనుల్లో రేడియో తుడవడం ఒకటి. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు తుడిచేస్తాను. పైన తడిగుడ్డతో, ముందువైపు పొడిగుడ్డతో, చివర్న అగ్గిపుల్లకి దూది చుట్టి ఆ గుండ్రటి మీట చుట్టూ. "రేడియో స్టేషన్లో పనిచేసేదాని ఇంట్లో రేడియో మీద దుమ్ముంటే జనం నవ్విపోతారు" అంటుంది అత్తయ్య, మంచం మీంచి లేవకుండానే. ఆ మీట చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలుంటాయి. ఒకటి, రెండు, మూడు ఇప్పటికీ కొత్తవాటిలా తెల్లగా ఉన్నాయి. ఏడు దగ్గర్నుంచి అరుగుదల మొదలవుతుంది. ఎనిమిదిలో కింది సున్నా ఒక్కటే మిగిలింది. పది అసలు లేదు. కొని ఐదేళ్ళు కూడా కాలేదు. తుడిచి తుడిచి నేనే అరగదీశానేమోనని మా స్టేషన్లో వైర్లు, యంత్రాలు చూసుకునే పెద్దాయన్ని అడిగాను. అందరం ఆయన్ని వైర్ల మావయ్య అంటాం. "తుడిస్తే అన్నీ ఒకేలా పోతాయమ్మా. ఒకవైపే పోయాయంటే ఆ ఇంట్లో ఎవరో చెవిటివాళ్ళున్నట్టు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇంట్లో ఎవరికీ చెవుడు లేదు.

నా చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అమ్మ మంచాన పడింది, వంట చూసే మనిషి కావలసి వచ్చింది. ముగ్గురు పిల్లల్లో ఆడపిల్లని నేనొక్కదాన్నే కాబట్టి బడి ఎవరు మానాలన్న మాటే ఇంట్లో పుట్టలేదు. లెక్కలు బాగా వచ్చేవి. బడి పోయాక ఆ లెక్కలు వెళ్ళడానికి చోటులేక పొయ్యి దగ్గరికొచ్చి చేరాయి. గడియారం నాన్న గదిలో ఉండేది, ఊరికే ఆ గదిలోకి వెళ్ళకూడదు. అందుకని దేనికెంతసేపు పడుతుందో మనసులోనే లెక్కపెట్టుకునేదాన్ని. అలా లెక్కపెడుతూ పెడుతూ సెకను నా ఒంట్లోకి దిగిపోయింది. ఇప్పటికీ మీరు గడియారం పట్టుకుని నిలబడండి, రెండు నిమిషాలయ్యాక చెప్పమంటే ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా చెబుతాను. దీన్ని తెలివి అంటారని నాకు స్టేషన్లో చేరేదాకా తెలీదు.

స్టేషనంటే ఏదో ఊహించుకోకండి. బస్టాండు వెనక పాత గోడౌను, మూడు గదులు, పెరట్లో ఒక ఇనప స్తంభం. పాటల బీరువాలు దులపడానికి మనిషి కావాలంటే చేరాను. అప్పటికి పాపకి ఏడాది. సాయంత్రం కార్యక్రమం చేసే అనౌన్సరుని ఊరంతా తేనెగొంతు అంటారు. నేను చేరిన నెలలోనే ఆయన ఒక పాట మొదట్లో వచ్చే వాయిద్యం మీద మాట్లాడుతూ మాట్లాడుతూ గాయని గొంతు మీదకి ఎక్కేశాడు. మేనేజరు సారు పరుగెత్తుకొచ్చి, "పాటలోకి దూరిపోయావేంటయ్యా, నిన్ను కూడా పాడమన్నారా?" అని అరిచారు. బీరువా వెనకనుంచి నేను, "పద్దెనిమిది సెకన్లే ఉందండీ, ఆయన ఇరవై రెండు మాట్లాడారు" అన్నాను. వాచీ పెట్టి చూశారు. సరిగ్గా పద్దెనిమిది. ఆ రోజునుంచి ప్రతి పాటకీ ఒక అట్టముక్క మీద రెండు సంగతులు రాయడం నా పనయింది. గొంతు ఎన్నో సెకనుకి మొదలవుతుంది, పాట ఎలా ముగుస్తుంది. కొన్ని పాటలు చివర్న నెమ్మదిగా తగ్గుతూ కరిగిపోతాయి. కొన్ని ఉన్నట్టుండి తెగిపోతాయి. 'కరిగేది', 'తెగేది' అని రాసేదాన్ని. తర్వాత తేనెగొంతు ఒక్కసారి కూడా గొంతుల మీదకి ఎక్కలేదు. "ఏం టైమింగండీ మీది!" అని ఎవరైనా అంటే, "ఏదో, అలవాటండీ" అంటాడు. అదే సమయానికి వాళ్ళకి టీ ఇస్తూ నేను పక్కనే ఉంటాను.

మా ఆయన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ముసలివాళ్ళ చెవుల వెనక్కి ఫ్రేము పెట్టేటప్పుడు ఆ వేళ్ళు చూడాలి మీరు, పువ్వుని ముట్టుకున్నట్టుంటాయి. వీధిలో ఆయన గొంతెత్తగా విన్నవాళ్ళు లేరు. దుకాణం ఓనరు గురువారం గురువారం లెక్క చూడటానికొస్తాడు, అందరి ముందూ నానా మాటలూ అంటాడు. ఈయన నవ్వుతూ నిలబడతాడు. ఆ నవ్వు ముఖం మీద అలాగే పెట్టుకుని ఇంటికొస్తాడు. స్కూటర్ ఆగిన దగ్గర్నుంచి చెప్పులు విడిచేదాకా నలభై సెకన్లు. చెప్పులు విడిచాక మాట్లాడకుండా ఎన్ని సెకన్లుంటాడన్నది అసలు లెక్క. పది లోపైతే మామూలు రోజు. ఇరవై దాటితే అత్తయ్య మంచం మీంచి లేస్తుంది, రేడియో దగ్గరికి వెళ్ళి మీట కుడివైపుకి తిప్పుతుంది. నన్ను చూడదు. కొడుకుని చూడదు. పాట పెంచి, పాపని చంకనేసుకుని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. పెళ్ళయిన మొదటి నెలలో ఆవిడని అడిగాను, ఎందుకత్తయ్యా అని. "పరువు నలుగురి చెవిలో పడకుండా చూసుకోవాలమ్మా. నీదే కదా ఆ పరువు కూడా" అంది, ఎంతో ప్రేమగా.

నేను చేరినప్పుడు మా స్టేషన్లో సాయంత్రం ఏడింటికి పాత పాటలు వేసేవాళ్ళం. అన్నీ నెమ్మదైనవి. పాటకీ పాటకీ మధ్య తేనెగొంతు ఒక ఉత్తరం చదివేవాడు, కవరు చింపిన చప్పుడు కూడా వినపడేది. ఆ రోజుల్లో మా ఇల్లు గుసగుసలతో నడిచింది. మా ఆయన పళ్ళు బిగించి మాట్లాడేవాడు. నా మోచేతి పైన పట్టుకుని ఫ్రేము వంచినట్టు కొంచెం కొంచెంగా మెలిపెట్టేవాడు. పాట ఆగితే ఆయనా ఆగేవాడు. ఆ ఖాళీలో పై వాటాలో అక్క తొక్కే కుట్టుమిషను వినపడేది. వాళ్ళ చప్పుడు మాకు వినపడుతోందంటే మా చప్పుడు వాళ్ళకీ వినపడుతుందని ఆయనకి తెలుసు. తర్వాత ఫోన్ల కార్యక్రమం వచ్చింది. శ్రోతలు ఫోన్ చేసి, మరదలికో బావగారికో ఒక పాట వేయమనేవారు. ఫోన్ నడుస్తున్నంతసేపూ ఆయన చెయ్యి నా మీద ఎక్కడుంటే అక్కడే ఆగి ఎదురుచూసేది. ఒకసారి ఫోన్లో ఎవరో తేనెగొంతుతో వేళాకోళమాడారు. "సార్, మా ఆవిడ మీ గొంతు వింటే నన్ను మర్చిపోతోంది, మీరు కొంచెం జలుబు తెచ్చుకోండి సార్." మా ఆయన నా జుట్టు పట్టుకునే నవ్వాడు. నిజంగా నవ్వొచ్చి నవ్వాడు.

అంటే నా సాయంత్రాలు స్టేషను ఏం వేస్తే అలా ఉండేవన్నమాట. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఖాళీలున్నాయి, ఆ ఖాళీల్లో నేను ఊపిరి పీల్చుకుంటున్నాను, అంతే తెలుసు.

ఈ ఏడు మొదట్లో స్టేషను యజమాని దగ్గర్నుంచి కాగితం వచ్చింది. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా కొత్త హుషారు పాటలు, మాటల్లేవు, ఉత్తరాల్లేవు, ఫోన్లు లేవు. కంప్యూటరే ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోవాలి. మేనేజరు సారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. "మనిషికి ఖాళీ దొరికితే ఆలోచిస్తాడు. ఆలోచిస్తే స్టేషన్ మారుస్తాడు. సెకనులో సగం కూడా నిశ్శబ్దం ఉండకూడదు. అన్ని పాటలూ ఒకే ఎత్తులో మోగాలి." తేనెగొంతు ముఖం వాడిపోయింది. "మరి నేనేం చెయ్యాలి సార్?" "పొద్దున వాతావరణం చదువు." ఇక పాటల ముందూ వెనకా ఉండే ఖాళీలు ఎవరు కొయ్యాలి? సెకను ముక్కలు చెవికి తెలిసే మనిషి కావాలి. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. మూడు వారాలు, ఆరువందల పాటలు. పాట మొదలయ్యే ముందు గాయని తీసుకునే ఊపిరి, తంబురా మీంచి వేళ్ళు ఎత్తిన చప్పుడు, చివర్న గదిలో మిగిలే హోరు, అన్నీ కోసేశాను. మేనేజరు సారు విని, తేనెగొంతు ముందే అన్నారు. "ఈ స్టేషన్లో పని తెలిసిన మనిషి ఈ అమ్మాయొక్కతే." పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అలా అనలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. పాపకి బిస్కెట్ ప్యాకెట్ కూడా కొన్నాను.

ఆ రోజు గురువారం. చెప్పులు విడిచాక ఆయన ముప్పై ఒక్క సెకన్లు మాట్లాడలేదు. అత్తయ్య మీట తిప్పింది. మొదటి పాట అయిపోవస్తోంది, ఇక ఆగుతుంది, ఇక ఆగుతుంది అని నేను లెక్కపెడుతున్నాను. ఆగలేదు. రెండోది దాని మీదకి వచ్చి పడింది. దాని మీద మూడోది. ఆయనకి కూడా మొదట అర్థం కాలేదు, ఒక క్షణం తల వంచి విన్నాడు. తర్వాత పెళ్ళయ్యాక మొదటిసారిగా గొంతు విప్పి, నిండుగా, అరవసాగాడు. ఇన్నాళ్ళూ పళ్ళ వెనక దాచుకున్నదంతా బయటికొచ్చింది. చేతులు కూడా అంతే. "అరువు! నువ్వూ అరువు! ఎవడు వింటాడో చూద్దాం!" అన్నాడు. నేను అరిచాను కూడా. పాటలో నా గొంతు నాకే వినపడలేదు. ఆ పాటలు కోసింది నేనే. అంత శుభ్రంగా, గోరు దూరే సందు కూడా లేకుండా.

ఎవరికీ చెప్పలేదా అంటారేమో. చెప్పాను. పై వాటా అక్కకి చెప్పాను, పాప గౌనుకి కొలతలివ్వడానికి వెళ్ళినప్పుడు. చెయ్యి కూడా చూపించాను. అక్క నోట్లో పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, "మీ ఆయనా? నా కళ్ళజోడు సరిచేసినప్పుడు 'నొప్పిగా ఉందా అక్కా' అని పదిసార్లు అడిగాడే! మీ ఇంట్లో మాట కూడా పైకి వినపడదు. ఎప్పుడు చూసినా పాటలే. అదృష్టవంతురాలివి నువ్వు" అంది. చెడ్డది కాదు అక్క. చెవిన పడని దాన్ని నమ్మడం ఎవరికైనా కష్టమే. అమ్మకి ఫోన్లో చెప్పాను. "రేడియోలో చేరి కథలు అల్లడం నేర్చావే" అంది. గొంతు తగ్గించి, "చంటిదాన్ని పెట్టుకుని ఎక్కడికెళ్తావు? నాన్నగారి దగ్గర ఈ మాట ఎత్తకు" అంది. అంటే నమ్మిందన్నమాట.

నేను ఇలాగే ఇంకా ఎన్నేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్నో తెలీదు. పోయిన గురువారం స్కూటర్ ఆగింది. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి, లేవడం ఆలస్యమైంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. పాపకి నాలుగో ఏడు వచ్చి నెలైంది. ఆడుకుంటున్న గిన్నెలు పక్కన పెట్టి, చిన్న స్టూలు ఈడ్చుకుంటూ రేడియో దగ్గరికి వెళ్ళింది. ఎక్కింది. రెండు చేతులతో మీట పట్టుకుని, నాలుక బయటపెట్టి, కుడివైపుకి ఎంత తిరిగితే అంత తిప్పింది. దిగి, స్టూలు మళ్ళీ దాని చోట పెట్టి, నా దగ్గరికొచ్చి గట్టిగా చెప్పింది, పాటలో నాకు వినపడాలి కదా. "అమ్మా, పెద్దగా పెట్టేశాను. ఇప్పుడు ఎవ్వరికీ వినపడదు."

"బంగారుతల్లి! నాయనమ్మకి లేచే పని తప్పించింది" అని అత్తయ్య దాన్ని ముద్దు పెట్టుకుంది. లోపలికొస్తున్న ఆయన పాప తల నిమిరాడు. అప్పుడా వేళ్ళు పువ్వుని ముట్టుకున్నట్టే ఉన్నాయి.

పాప ముఖంలో భయం లేదు. అదే నన్ను పట్టుకుంది. చెప్పకముందే పని అందుకున్న పిల్ల ముఖంలో ఉండే గర్వం ఉంది. నా తొమ్మిదో తరగతిలో, మొదటిసారి ఒక్కదాన్నే వంట చేసి అందరికీ వడ్డించిన రోజు నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

మర్నాడు స్టేషన్లో వైర్ల మావయ్యకి టీ ఇస్తూ అడిగాను. "మావయ్యా, పాటలు ఆగిపోతే ఏమవుతుంది?"

"ఎందుకాగుతాయి? నువ్వు వరుస పెట్టాక ఆగడమా!"

"ఊరికే. తెలుసుకుందామని."

"పది సెకన్ల దాకా యంత్రం ఏమీ అనదు. ఏదో నెమ్మది పాటలే అనుకుంటుంది పిచ్చిది. పదకొండో సెకను పడిందంటే ఎర్ర లైటు వెలుగుతుంది, అత్యవసరం టేపు దానంతటదే మొదలవుతుంది, సారింట్లో ఫోన్ మోగుతుంది." టీ ఊదుకుంటూ నన్ను చూశాడు. "ఏమ్మా, పది సెకన్లు ఎవరికి కావాలి?"

"ఎవరికీ వద్దు మావయ్యా."

మావయ్య టీ తాగేసి లేచాడు. కప్పు కడిగి తనే బోర్లించాడు, ఎప్పుడూ అలా చెయ్యడు.

పాటల్లోంచి కోసిన ఖాళీలని నేను పారేయలేదు. పాత గుండీలు, దారపు ముక్కలు పారేయలేనట్టే వాటినీ కంప్యూటర్లో ఒక మూల దాచాను. అరసెకనువి, ముప్పావుసెకనువి, ఆరువందల పాటల ముందూ వెనకా ముక్కలు. ఈ వారం రోజులూ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు వాటిని ఒకదానికొకటి అతికాను. చెవులకి పెట్టుకుని వింటే నిశ్శబ్దం కాదది. ఒక ఆడమనిషి ఊపిరి తీసుకుంటుంది. ఇంకొకావిడ. ఇంకొకావిడ. ఎవరూ పాడటం మొదలుపెట్టరు. సరిగ్గా పది సెకన్లు.

దాని ముందు ఏ పాట పెట్టాలో ఎంచుకోవడానికి రెండు రోజులు పట్టింది. కరిగే పాట పనికిరాదు. పాట చివర్న తగ్గుతూ ఉంటే ఆయన గొంతు కూడా దానితోపాటే తగ్గిపోతుంది, ఆయనకే తెలియకుండా. ఇన్నేళ్ళలో అది నేను చూసిందే. తెగే పాట కావాలి, చివరి దెబ్బ దాకా డప్పులు మోగి టక్కున ఆగేది. ఆయన ఇంతకుముందు విననిది. ఒకటి దొరికింది, నాలుగు నిమిషాల ఆరు సెకన్లు. ఏడు ముప్పై ఎనిమిదికి మొదలవ్వాలి. గురువారాల్లో ఆ నిమిషాలు ఎలా ఉంటాయో నాకంటే తెలిసినవాళ్ళు లేరు.

ఇవాళ మూడు గంటలకి సాయంత్రం వరుస పెట్టాను. యంత్రం ఏమీ అనకపోయినా విన్నవాళ్ళు అంటారు, రేపు సారు పిలుస్తారు. పనిలోంచి తీసేస్తారు, తప్పదు. పని తెలిసిన మనిషి ఈ అమ్మాయొక్కతే అన్న ఆ నోటితోనే తీసేస్తారు. దానికంటే ముందు ఈ రాత్రి ఉంది. పైన అక్క విన్నా మిషను తొక్కుకుంటూనే ఉండిపోవచ్చు. కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు విన్నా పేపరు తిప్పుకోవచ్చు. అప్పుడు పది సెకన్లయ్యాక తర్వాతి పాట మొదలవుతుంది, ఎనిమిది దాకా ఇంక ఎక్కడా ఖాళీ లేదు. ఇదంతా ఆలోచించుకునే వరుస మీద ఓకే నొక్కాను. వెళ్తూ వెళ్తూ బీరువాలన్నీ ఒకసారి దులిపాను. మొదటి రోజు ఇచ్చిన పని అదే కదా.

ఏడు ఇరవై ఆరుకి స్కూటర్ ఆగింది. నలభై సెకన్లకి చెప్పులు. లెక్క మొదలుపెట్టాను. ఇరవై. ముప్పై. నలభై. ఎప్పుడూ నలభై దాటలేదు. నలభై నాలుగు. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని పాప వైపు చూసింది. పాప అప్పటికే స్టూలు ఈడుస్తోంది. ఇంకో రోజైతే వద్దని నేను తల ఊపి ఉండేదాన్ని. ఇవాళ దాని వెనక నిలబడి, స్టూలు కదలకుండా పట్టుకున్నాను.

"పెంచమ్మా" అన్నాను. "ఇంకా. ఇంకా పెంచు."

పాప ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి నవ్వింది. మీట చివరంటా తిరిగింది, అంకె లేని చోటికి. దాన్ని దింపి అత్తయ్య చేతికిచ్చాను. వంటింటి తలుపు దగ్గరయింది. అంత పాటలో వినపడాలంటే ఆయన ఇంకా గట్టిగా అరవాలి. అరిచాడు. ఏమన్నాడో రాయను, ఏమీ కొత్తవి కావు. నేను గోడకి ఆనుకుని, చేతులు తలకి అడ్డం పెట్టుకుని, ఆయన మాటలు కాదు, డప్పులు వింటున్నాను. ఏడు ముప్పై ఎనిమిది. కొత్త పాట మొదలయింది. ఒక నిమిషం. రెండు. నా పెదవి మీద ఉప్పగా తగిలింది. మూడు. మూడున్నర. చివరి చరణం. ఆయన నా మెడ దగ్గర గుడ్డ పట్టుకుని లేపాడు. ఇంకా ఆరు సెకన్లు. నాలుగు. ఆయన ఊపిరి తీసుకుని నోరు తెరిచాడు. రెండు. ఒకటి.

"అరువే! అరిచి చావు! నీ ఏడుపు ఎవడు వింటాడే ఈ కొంపలో!"

పాట లేదు. ఆ మాటలు నాలుగు గోడలకీ తగిలి, తెరిచిన కిటికీలోంచి మెట్ల మీదకి, పైకీ కిందకీ వెళ్ళాయి. రేడియోలో ఎవరో ఆడమనిషి ఊపిరి తీసుకుంది. ఆయన నోరు ఇంకా తెరిచే ఉంది.

పైన కుట్టుమిషను ఆగింది.

ఇంకా ఐదు సెకన్లున్నాయి.